పోయేటప్పుడు వచ్చిన మైలేజీ తిరిగొచ్చేటప్పుడు ఏమైంది?

ప్రశ్న: నేను ఉప్పల్‌లో ఉంటాను. పది నెలల కిందట ఎలక్ట్రిక్ కారు కొన్నాను. బ్యాటరీ 40 యూనిట్లది. 450 కిలోమీటర్ల పైనే వస్తుందని షోరూంలో చెప్పారు. మే మొదటి వారంలో పిల్లలతో విజయవాడ వెళ్లాం. తెల్లవారుజామున 5 గంటలకు బయల్దేరి 80, 85 మధ్య నడిపాను. బెంజి సర్కిల్ దగ్గర మా బావమరిది ఇంటికి 260 కిలోమీటర్ల పైచిలుకు. చేరేసరికి ఇంకా 12 శాతం ఉంది. తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం 1 గంటకు ఫుల్ చార్జితో బయల్దేరాను. 95లో నిలకడగా నడిపాను, అంతకు మించలేదు. అయినా చౌటుప్పల్ వచ్చేసరికి 4 శాతం! చివరి ముప్పై కిలోమీటర్లూ ఏసీ ఆపేసి, అద్దాలు దించి, ఇంటావిడ చేత చీవాట్లు తింటూ వచ్చాను. అక్కడ చార్జర్ దగ్గర గంట కూర్చున్నాం. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే లాప్‌టాప్ తగిలించి చూసి "అంతా నార్మల్ సార్" అన్నారు. నా బ్యాటరీ పాడైందా? ఏసీ లేకుండా నడపాలా? రోజూ 80 శాతమే చార్జి పెట్టాలంటారు, నిజమేనా? జూన్‌లో భీమవరంలో పెళ్లి ఉంది. ఈ కారులో వెళ్లే ధైర్యం చేయవచ్చా? ట్రిప్ మీటర్ ఫోటో జత చేస్తున్నాను.
— ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: మీ మొదటి ప్రశ్నకు జవాబు మీరు పంపిన ఫోటోలోనే ఉందండీ. అందులో దూరం 215 కిలోమీటర్లు, సగటు వాడకం కిలోమీటరుకు 178 వాట్ అవర్లు అని ఉంది. ఆ రెండూ హెచ్చవేయండి. 38,270 వస్తుంది. వెయ్యి వాట్ అవర్లు కలిస్తే ఒక యూనిట్, మన ఇంటి కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. అంటే 38 యూనిట్ల పైచిలుకు ఖర్చయింది. ఆ ఖర్చుకు బ్యాటరీ 100 నుంచి 4కు, అంటే 96 శాతం దిగింది. 38.27ను 0.96తో భాగిస్తే 39.9. కొన్నప్పుడు 40 యూనిట్ల బ్యాటరీ. పది నెలలు తిరిగాక కూడా 40 యూనిట్లు ఇస్తోంది. దానికి ఏ రోగమూ లేదు. సర్వీస్ సెంటర్ వాళ్లు చెప్పింది నిజమే, కాకపోతే ఈ నాలుగు ముక్కలు విడమరిచి చెప్పే ఓపిక వాళ్లకు లేకపోయింది.

ఈ లెక్కను ఆరు నెలలకోసారి వేసుకోండి. ఫుల్ చార్జి పెట్టి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, 20 శాతం దాకా దిగనిచ్చి, ఖర్చయిన యూనిట్లను 0.80తో భాగించి చూడాలి. ఒకటి రెండు యూనిట్ల తేడా వస్తే పట్టించుకోకండి. 33, 32 కనిపిస్తే మాత్రం వారంటీ కాగితాలు బయటికి తీయాల్సిందే. మన దేశంలో చాలా కార్లకు బ్యాటరీ మీద 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంటుంది.

మరి కరెంటు ఎటు పోయింది? వెళ్లేటప్పుడు యూనిట్‌కు దాదాపు ఏడున్నర కిలోమీటర్లు వచ్చాయి. తిరిగొచ్చేటప్పుడు ఐదున్నర చిల్లర. ఇంత తేడా చూస్తే ఎవరికైనా టెన్షనే. కానీ ఒక సంగతి గమనించండి. ఒక లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. మీ బ్యాటరీ మొత్తం కలిపితే నాలుగున్నర లీటర్ల పెట్రోలు. ఆ నాలుగున్నర లీటర్లతో నలుగురినీ, సామాన్లనూ ఎక్కించుకుని మీ కారు విజయవాడ చేరింది, పైగా కాస్త మిగిల్చింది. పెట్రోలు ఇంజిన్ తాగినదాంట్లో ముప్పావు వంతు దాకా వేడిగానే వదిలేస్తుంది. అందుకే అందులో గాలి వల్ల, ఎత్తు వల్ల, ఏసీ వల్ల వచ్చే తేడాలు ఆ పెద్ద దుబారా కింద కనబడకుండా పోతాయి. ఎలక్ట్రిక్ కారు పొదుపుగా బతికే ఇల్లు లాంటిది. పది రూపాయలు అటూ ఇటూ అయినా నెలాఖరుకు తెలిసిపోతుంది.

ఇప్పుడు ఆ పది రూపాయలు ఎక్కడెక్కడ పోయాయో చూద్దాం.

మొదటిది ఎవరూ ఊహించనిది. మీరు వెళ్లేటప్పుడు దిగారు, వచ్చేటప్పుడు ఎక్కారు. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది. విజయవాడ కృష్ణ ఒడ్డున, 20 మీటర్లకు అటూ ఇటూగా ఉంది. దారిలో పెద్ద ఘాట్ రోడ్డేదీ లేదు కాబట్టి ఎక్కుతున్నట్టు అనిపించదు, కానీ ఎక్కుతాం. కారు, మీ నలుగురు, డిక్కీలో మామిడిపళ్ల బుట్ట, అంతా కలిపి 1,700 కిలోలు అనుకుందాం. దాన్ని 500 మీటర్ల ఎత్తుకు చేర్చాలంటే 1,700 × 9.8 × 500 (ఆ 9.8 భూమ్యాకర్షణ లెక్క), అంటే 83 లక్షల జౌల్స్ కావాలి. జౌల్ అంటే శక్తికి ఒక చిన్న కొలత. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌల్స్. భాగిస్తే 2.3 యూనిట్లు. మోటారులో పోయే నష్టం కలుపుకుంటే రెండున్నర దాటుతుంది. వెళ్లేటప్పుడు ఆ ఎత్తు మీకు రెండు యూనిట్ల దాకా మిగిల్చింది, వచ్చేటప్పుడు రెండున్నర తీసుకుంది. రానుపోను తేడా నాలుగున్నర, అంటే మీ కారుకు ముప్పై కిలోమీటర్లు. చౌటుప్పల్ దాకానే చూసినా మూడు యూనిట్లకు పైనే. ఎంత జాగ్రత్తగా నడిపినా ఇది తప్పదు. కాబట్టి విజయవాడ నుంచి వచ్చేటప్పుడు దారిలో ఒకచోట చార్జి ఉంటుందని ముందే మనసులో పెట్టుకోండి.

రెండోది వేగం. అసలు దొంగ ఇదే. "95 దాటలేదు" అని మీరు గర్వంగా రాశారు గానీ, కథంతా ఆ 95లోనే ఉంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది, రెండింతలు కాదు. 82తో పోలిస్తే 95లో గాలి అడ్డు మూడోవంతు ఎక్కువ. 100లో దాదాపు సగం ఎక్కువ. స్కూటర్ మీద వెళ్తూ చేయి బయటపెట్టి చూసినవాళ్లకు ఇది తెలుసు. 40లో హాయిగా ఉన్న గాలి 80లో చేతిని వెనక్కి విరుస్తుంది. మీ కారు నుదురు ఆ అరచేయికి వందరెట్లకు పైనే ఉంటుంది. నా అంచనాలో మీకు వచ్చిన తేడాలో సగం ఈ పన్నెండు, పదమూడు కిలోమీటర్ల వేగం తిన్నదే.

260 కిలోమీటర్లు 82లో పోతే 3 గంటల 10 నిమిషాలు. 95లో పోతే 2 గంటల 45 నిమిషాలు. మీరు మిగుల్చుకోబోయింది 25 నిమిషాలు, చౌటుప్పల్‌లో కూర్చున్నది గంట.

మూడోది గాలి. కోస్తా వాళ్లకు చెప్పనక్కర్లేదు, మే నెల మధ్యాహ్నం అంటే పడమటి గాలి. వడగాడ్పు అటునుంచే కొడుతుంది. మీరు వెళ్తున్నది పడమటికే. ఎదురుగాలి గంటకు 15 కిలోమీటర్లుంటే, మీటరు మీద 95 ఉన్నా కారు మాత్రం 110 వేగంలో ఉన్నట్టే గాలిని చీల్చుకుపోవాలి. తెల్లవారుజామున వెళ్లారు కాబట్టి పోయేటప్పుడు ఆ బాధ లేదు. ఆ రోజు గాలి ఎంత ఉందో నేను చూడలేదు కాబట్టి దీనికి లెక్క కట్టను. రోడ్డు పక్క జెండాలు, చెట్లు ఎటు వాలుతున్నాయో చూడటం అలవాటు చేసుకుంటే చాలు. ఎదురుగాలి ఉన్న రోజు ఓ పది కిలోమీటర్లు వేగం తగ్గించండి.

ఇక ఏసీ. దీని మీద ఉన్నన్ని అపోహలు దేనిమీదా లేవు. ఎండాకాలం కారు ఏసీ ఒకసారి చల్లబరిచాక గంటకు ఒకటిన్నర యూనిట్ దాకా తీసుకుంటుందనుకోండి. ఇది గంటల లెక్క, కిలోమీటర్ల లెక్క కాదు. హైవేలో గంటకు 80 కిలోమీటర్లు పోతారు కాబట్టి ఆ ఒకటిన్నర యూనిట్ 80 కిలోమీటర్ల మీద పంచబడుతుంది. భారం పెద్దగా తెలియదు. అదే సాయంత్రం ఉప్పల్ నుంచి ఎల్బీనగర్ ట్రాఫిక్‌లో గంటకు 20 కిలోమీటర్లు పాకితే ఆ ఒకటిన్నర మొత్తం 20 కిలోమీటర్ల మీదే పడుతుంది. హైవేలో ఏసీ కట్టేసి మీరు మిగుల్చుకున్నది ఆ ముప్పై కిలోమీటర్లకు అర యూనిట్. అద్దాలు దించినందుకు గాలి లోపలికి దూరి, కారును వెనక్కి లాగి, అందులోంచి ఎంతో కొంత తిరిగి తీసేసుకుంది. పిల్లలకు ఉడుకు, మీకు చీవాట్లు, మిగిలింది మూడు కిలోమీటర్లో ఎంతో. దానికి బదులు ఆ ముప్పై కిలోమీటర్లూ 95 నుంచి 75కు దిగి, ఏసీ వేసుకుని పాటలు పెట్టుకుని వచ్చుంటే అంతకంటే ఎక్కువే మిగుల్చుకుని చౌటుప్పల్ చేరేవారు. మీ ఇంటావిడకు ఈ పేరా చూపించకండి.

ఏసీ విషయంలో నిజంగా పనికొచ్చేది ఒకటే. ఎండలో నిలబడ్డ కారులో మొదటి పది, పదిహేను నిమిషాలు ఏసీ ఫుల్ లోడ్‌లో తిరుగుతుంది. బయల్దేరే ముందు చార్జింగ్ గన్ తగిలించి ఉండగానే ఫోన్ యాప్‌లో ఏసీ వేసేయండి. ఆ భారం చాలావరకు బావమరిది మీటర్ మీద పడుతుంది.

మీరు అడగలేదు గానీ షోరూంలో చెప్పిన 450 గురించి కూడా చెప్పాలి. అది అబద్ధం కాదు, మీ రోడ్డు మీద లెక్క కూడా కాదు. మన దేశంలో ఇలాంటి అంకెను తేల్చే పరీక్షను కారును రోలర్ల మీద నిలబెట్టి చేస్తారు. ఒక టైమ్‌టేబుల్ ప్రకారం కారు వేగం పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. సిటీ భాగంలో వేగం 50 దాటదు. హైవే అనుకునే రెండో భాగంలో కూడా 90 దాటదు, అదీ కాసేపే. ఏసీ వేయరు. ఎదురుగాలి లేదు, ఎక్కుడు లేదు, వెనక సీట్లో అత్తగారు లేరు. ఈమధ్య కంపెనీలే కాస్త దారికొచ్చాయి. 2024లో టాటా కర్వ్ ఎలక్ట్రిక్ వచ్చినప్పుడు 55 యూనిట్ల బ్యాటరీకి పరీక్ష లెక్క 585 కిలోమీటర్లు అని చెప్పి, దాని పక్కనే రోడ్డు మీద చాలామందికి 400 నుంచి 425 వస్తుందని వాళ్లే వేశారు. పరీక్ష లెక్కలో ఏడు వంతులన్నమాట, పదింటికి. హైవేలో వేగంగా పోయేవాళ్లు ఆరు వంతులకు సిద్ధపడాలి. మీరు విజయవాడ వెళ్లిన తీరులో నడిపితే మీ బండికి ఫుల్ చార్జికి 295 దాకా వచ్చేది. ఆ బ్యాటరీకి అది మంచి అంకే, దిగుడు కలిసొచ్చినా సరే.

డ్యాష్‌బోర్డు మీద "ఇంకా ఇన్ని కిలోమీటర్లు" అని వేసే అంకెను నమ్మకండి. కారుకు ముందున్న రోడ్డు తెలియదు. ఇంతకుముందు మీరెలా నడిపారో చూసి, ఇకపైనా అలాగే నడుపుతారని లెక్క కడుతుంది. వారమంతా విజయవాడ వీధుల్లో 30లో తిరిగి, ఆదివారం హైవే ఎక్కితే మొదట 330 చూపిస్తుంది, నందిగామ దాటేసరికి ఆ అంకె కళ్లముందే కరిగిపోతుంది. మీకు భయం పుట్టించింది బహుశా ఇదే. శాతం చూడండి, మైలురాయి చూడండి. పది శాతం దిగేలోపు ఎన్ని కిలోమీటర్లు వచ్చాయి? 25 వస్తే బాగుంది. 20 వస్తే వేగం తగ్గించాలి. బండి నడుపుతూ నోటితో వేసుకునే లెక్క ఇది.

బ్రేకు వేసినప్పుడు కరెంటు వెనక్కి వస్తుందంటారు కదా, రీజెన్ అని, దాన్ని కొందరు ఉచితంగా వచ్చేదనుకుంటారు. పది రూపాయల నోటు మార్చితే ఆరేడు రూపాయల చిల్లర వచ్చినట్టు అది. సిటీలో సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగుతాం కాబట్టి ఆ చిల్లర బాగా కలిసొస్తుంది. హైవేలో అసలు నోటు మార్చకపోవడమే మేలు. ముందు లారీ నెమ్మదిస్తోందని దూరం నుంచే చూసి కాలు తీస్తే బ్రేకుతో పనే ఉండదు. ఇంకో మాట, ఫుల్ చార్జితో బయల్దేరిన కొత్తలో రీజెన్ సరిగా పనిచేయదు. నిండిన బిందెలో నీళ్లెక్కడ పడతాయి? అప్పుడు కారు ఎప్పటిలా ఆగదు, బ్రేకు మీద కాలు సిద్ధంగా ఉంచుకోండి. లారీ వెనక దగ్గరగా పోతే గాలి తగలదు, చార్జి మిగులుతుంది అని వీడియోల్లో చెబుతారు. ఆ పని మాత్రం చేయకండి. ఆ హైవే మీద లారీ ఉన్నట్టుండి బ్రేకు వేస్తే మిగిలిన చార్జి దేనికీ పనికిరాదు.

టైర్ల సంగతి నా సొంత అనుభవం. మొదటి టైర్లు అరిగాక, ధర తక్కువని మామూలు టైర్లు వేయించాను. యూనిట్‌కు అర కిలోమీటరు పోయింది. నెలరోజులు నేనూ మీలాగే బ్యాటరీని అనుమానించాను. కారుతో వచ్చే టైర్లు తేలిగ్గా దొర్లేలా చేసినవి, మార్చేటప్పుడు ఆ రకమే అడగాలి. గాలి కూడా అంతే. పంక్చర్ షాపులో కుర్రాడు "ఎంత పెట్టమంటారు సార్?" అంటే మనం "నార్మల్" అంటాం, అతను అన్ని కార్లకూ పెట్టే అంకె పెట్టేస్తాడు. డ్రైవర్ డోర్ తెరిస్తే అక్కడ స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. అది చూపించి అంతే పెట్టించండి. అదీ పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు.

80 శాతం ప్రశ్నకు వస్తే, మీ బ్యాటరీ ఏ రకమో చూడాలి. రెండు రకాలున్నాయి. ఎల్ఎఫ్‌పీ అనే రకానికి ఫుల్ చార్జి అంతగా హాని చేయదు. పైగా అప్పుడప్పుడు 100 దాకా పెట్టకపోతే కారుకు ఎంత మిగిలిందో సరిగ్గా అంచనా అందదు. ఎన్ఎంసీ అనే రకమైతే రోజువారీ తిరుగుడుకు 80 దగ్గర ఆపి, ఊరెళ్లే ముందు రాత్రి మాత్రమే 100 పెట్టడం మంచిది. మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే దాన్నే పాటించండి, వాట్సాప్‌లో వచ్చింది కాదు. ఏ రకమైనా ఎండలో ఫుల్ చార్జితో రోజుల తరబడి వదిలేయకూడదు. అడుగంటిపోయేలా కూడా వదిలేయకూడదు.

హైవే చార్జర్ దగ్గర 80 దాటాక కూర్చోవద్దని చెప్పేది వేరే కారణంతో. ఖాళీ పల్లెవెలుగు బస్సు ఎక్కితే అందరూ చకచకా కూర్చుంటారు. నిండేకొద్దీ ఎక్కడ సీటుందా అని వెతుక్కుంటూ నడవాలి. బ్యాటరీ కూడా అంతే. 20 నుంచి 80 దాకా ఎంత సేపు పడుతుందో, చివరి 20కీ కొన్నిసార్లు అంత పడుతుంది.

ఇక భీమవరం. నిశ్చింతగా వెళ్లండి. ఫుల్ చార్జితో తెల్లవారుజామునే బయల్దేరండి, 80, 85లో. విజయవాడకు సూర్యాపేట దాదాపు సగం దారి. అక్కడ టిఫిన్‌కు ఎలాగూ ఆగుతారు. అప్పటికి మీకు సగం పైనే ఉంటుంది. అరగంట పెట్టండి, టెన్షన్ ఉండదు. విజయవాడలో బావమరిది ఇంట్లో ఒక పూట ఆగితే 15 ఆంప్స్ ప్లగ్ గంటకు మూడు యూనిట్లకు కాస్త తక్కువ ఎక్కిస్తుంది. అక్కడినుంచి భీమవరం నూరు కిలోమీటర్ల పైచిలుకు, అంతా చదును నేల. పదిహేను యూనిట్లు చాలు.

తిరిగి వచ్చేటప్పుడు మాత్రం విజయవాడలో ఫుల్ పెట్టుకుని, ఎక్కుడు ముందుందని గుర్తుంచుకుని, కోదాడలోనో సూర్యాపేటలోనో తప్పనిసరిగా ఆగండి. చార్జర్ యాప్‌లో కిలోవాట్లు ఎంతో చూసుకోండి. 30 అని ఉంటే 20 నుంచి 80కు మీ బ్యాటరీకి ముప్పావుగంట పైన, 60 అని ఉంటే అరగంట చిల్లర. ఎండలో బ్యాటరీ వేడెక్కి ఉంటే ఇంకాస్త నెమ్మదిస్తుంది. ఫోన్లో ఒకటికి రెండు చార్జింగ్ కంపెనీల యాప్‌లు పెట్టుకుని, వాటిలో కొంత డబ్బు ముందే వేసి ఉంచండి. బయల్దేరే ముందు యాప్‌లో ఉన్న నంబర్‌కు ఫోన్ చేసి "గన్ పనిచేస్తోందా బాబూ?" అని అడగండి. పనిచేయకపోతే తర్వాతి చార్జర్‌కు పోవాలి కాబట్టి, 20 శాతం కంటే కిందికి దిగి ఏ చార్జర్ దగ్గరకూ చేరకుండా చూసుకోండి.

పెళ్లివారింట్లో చార్జి పెట్టుకోవాలనుకుంటే ముందే అడగండి, ఎర్తింగ్ ఉన్న 15 ఆంప్స్ ప్లగ్ ఉందేమో కనుక్కోండి. షామియానా లైట్లు వెలిగే లైన్ మీద మాత్రం పెట్టకండి. తలంబ్రాల వేళ పందిట్లో కరెంటు పోతే అందరూ మీ కారు వైపే చూస్తారు.